బొంతలో ఖాకీ చొక్కా

ఇంద్రేశంలో రాజవ్వ ఇంటి ముందు రేకుల పందిరి, దాని కింద మూడు పక్కలు కుట్టడం అయిపోయి నాలుగో పక్క మిగిలిన బొంత, బొంత చుట్టూ ముగ్గురు: కుట్టు నేర్పే రాజవ్వ, కిష్టారెడ్డిపేట అపార్ట్‌మెంటు నుంచి పదహారు రోజులుగా వచ్చి నేర్చుకుంటున్న రిటైర్డ్ ప్లాంటు ఇన్‌స్పెక్టర్ భీమశంకరం, రుద్రారం కాలేజీ నుంచి కాగితాలు పట్టుకొని వచ్చిన రాజవ్వ మనవరాలు నిషిత.

“సంప్రదాయం అని రాసుకో అమ్మా నిషితా. మన సంప్రదాయాన్ని కాపాడటానికే నేను బొంత కుట్టడం మొదలుపెట్టాను.”

“అంకుల్, ఇప్పటికి ఆరుగురిని అడిగిన. ఆరుగురూ గదే చెప్పిన్రు.”

“అయితే ఏడోవాణ్ణి నేను. రాసేసుకో.”

“జెర ఆగు బిడ్డా, అప్పుడే రాయకు. సారూ, మీ తణుకు దిక్కు మగోళ్లు బొంతలు కుడ్తరా?”

“మా నాయనమ్మ కుట్టేది రాజవ్వ గారూ.”

“మరి నువ్వేం జేస్తుంటివి?”

“కప్పుకునేవాణ్ణి.”

“గదే నీ సంప్రదాయం. ఇంట్ల పండుకొని కాపాడుకోరాదు?”

“నానమ్మా, నువ్వు నడుమల మాట్లాడకు. ఇది సర్వే. జనం పాతకాలపు కుట్టుపనులు ఎందుకు పట్టుకుంటున్నరని మా మేడమ్ ప్రాజెక్టు ఇచ్చింది. పది మంది కావాలె.”

“ఆ ఆరుగురు ఎవలెవలు?”

“లక్ష్మీప్రసన్న ఆంటీ, అరుణక్క, ఇంకా వాళ్ల గల్లీవాళ్లు.”

“లక్ష్మీప్రసన్న దారంతోని అల్లికలు అల్లుతది గద. సంప్రదాయమన్నదా?”

“అన్నది. టీవీ మీద కప్పే గుడ్డ చూపించింది. మస్తుగున్నది.”

“సంప్రదాయం లేదు, ఏం లేదు. అల్లుతున్నంతసేపు ‘లెక్క తప్పుతది అత్తమ్మా’ అనుకుంట సప్పుడు చేయకుంట కూసోవచ్చు. ఆమె అత్త నోరు నీకు ఎర్కలేదు. రెండేండ్ల సంది ఆ ఇంట్ల అల్లిక కప్పని సామాను లేదు. గ్యాస్ బండకు గుడ అంగీ తొడిగింది.”

“మరి అరుణక్క జాకెట్లకు పూలు కుడ్తది?”

“ఫోన్ పట్టుకొని కూసుంటే పనిలేదా అంటరు. సూది పట్టుకొని కూసుంటే ఎంత బుద్ధిమంతురాలు అంటరు. అందుకే సూది చేతుల, ఫోన్ ఒళ్లె.”

“నువ్వెందుకు కుట్టినవ్ నానమ్మా? ఫస్టు ఫస్టు?”

“సలి పెట్టింది. కుట్టిన.”

“గంతేనా? నాలుగు లైన్లు రాయాలె.”

“మస్తు సలి పెట్టింది అని రాయి.”

“నా సంగతి పూర్తి చెయ్యమ్మా. ఇంకో కారణం కూడా ఉంది. బీపీ. సూదితో పని చేస్తుంటే మనసు ఒకచోట నిలుస్తుందట. నా వాకింగ్ ఫ్రెండు శివరామకృష్ణ యోగాకి వెళ్తాడు, నేను బొంతకి వస్తాను.”

“పదారు దినాలల్ల ఇరవైసార్లు ఏలుకు గుచ్చుకున్నవ్. గుచ్చుకున్నప్పుడల్ల పటాన్‌చెరు అడ్డా దాక ఇనవడేటట్టు ఒర్లినవ్. బీపీ యాడ దిగుతది సారూ, గల్లీల కుక్కలకు గుడ ఎక్కింది.”

“మొదట్లో అండీ, మొదట్లో. ఇప్పుడు చెయ్యి తిరిగింది.”

“చెయ్యి తిరుగుతనే ఉన్నది, సూస్తున్న. కుట్టుడు మానేసి బొంతను పిసుకుతున్నవ్. గట్ల పిసుకనీకి అది చపాతి పిండి కాదు.”

“ఇన్‌స్పెక్షన్ అండీ. ముప్పై నాలుగేళ్లు ప్లాంటులో నా చెయ్యి పడకుండా ఒక్క వాల్వు గేటు దాటలేదు.”

“గిది వాల్వు కాదు. మా పెద్ద మనుమరాలు రవళి కొడుక్కు పురిటి బొంత. శుక్రారం పిల్లగానికి ఇరవై ఒకటో దినం. ఇయ్యాల నాలుగో పక్క మూసుడే.”

“మూసేశాక ఎప్పుడైనా, ఊరికే అడుగుతున్నా, మళ్లీ విప్పుకోవచ్చా?”

“మా ఇంట్ల పురిటి బొంతకు నాలుగో మూల మూసినంక కత్తెర తాకనియ్యం.”

“చిన్న కత్తెర అయినా?”

“పెద్దది లేదు, చిన్నది లేదు. ఎందుకు సారూ గంత పరేషాన్ అవుతున్నవ్?”

“అబ్బే. జనరల్ నాలెడ్జి.”

“అంకుల్, మీ ఫోన్ మోగుతున్నది.”

“నేను చాయ్ పెడ్త. సారు మాట్లాడుకోని.”

“హలో... ఆ, హైమా... రాజవ్వ గారింట్లోనే... ఆఖరి పక్క కుడుతున్నా... ఏమిటి? రేపా? ఎన్నింటికి?... పదకొండింటికా... అన్నీనా?... అన్నీ ఎందుకే, ఉన్నవి బాగానే ఉన్నాయి కదా... కదులుతున్నాయని ఎవరన్నారు?... ఆ... ఊఁ... సరే... సరేనే... పెట్టేస్తున్నా.”

“ఏమైంది అంకుల్? మొఖం తెల్లగైంది.”

“మీ నానమ్మ లోపలికి వెళ్లిందా?”

“పోయింది. చాయ్‌పత్త డబ్బా సప్పుడు ఇనవడ్తలేదా?”

“అయితే దగ్గరికి రా. నేను చెప్పేది నీ సర్వేలో రాయకు. ఒట్టు?”

“ఒట్టు.”

“నాకు పైన నాలుగు కట్టుడు పళ్లు. రోజూ తీసి పెట్టుకునే సెట్టు. షుగరొచ్చిందని మీ హైమా ఆంటీ ఆరు నెలల నుంచి జొన్నరొట్టె తప్ప ఇంకోటి పెట్టలేదు. పొద్దున రొట్టె, రాత్రి రొట్టె. గోదావరి నీళ్లు తాగి పెరిగిన ప్రాణం తల్లీ, మూడు పూటలా అన్నం తిన్న ప్రాణం. ఆలోచించాను. పళ్లుంటేనే కదా రొట్టె!”

“అందుకని?”

“పోగొట్టుకున్నాను.”

“పండ్లనా?”

“పోగొట్టుకున్నానని చెప్పాను. ముత్తంగి దగ్గర బస్సులో తుమ్మాను, కిటికీలోంచి ఎగిరిపోయాయి అన్నాను.”

“ఆంటీ నమ్మిందా?”

“ఏ బస్సని అడిగింది. చెప్పాను. అంతే, ఇంకో మాట లేదు. మర్నాటి నుంచి అన్నం! ఏదో కొత్తరకం బియ్యమట, చిన్న గింజ, కొంచెం పచ్చగా ఉంటుంది. మెత్తగా వండి పెడుతోంది పాపం.”

“మరి ఇంకేం బాధ?”

“ఆ సెట్టు నా పాత యూనిఫాం చొక్కా జేబులో దాచాను. ఇంట్లో ఏం పారేసినా ఆ ఖాకీ చొక్కా జోలికి పోదనుకున్నా. మూడో రోజు బీరువా తీస్తే చొక్కా లేదు! ఏదే అంటే, ‘రాజవ్వకిచ్చా. పసివాడి బొంత లోపలికి ఉతికి ఉతికి మెత్తబడ్డ పాతబట్ట కావాలంది’ అంది.”

“అంటే అంకుల్... ఈ బొంతల పండ్లున్నయా?”

“గట్టిగా అనకు!”

“ఈ బొంతల పండ్లున్నయా?”

“గుసగుసగా కూడా అనకు! నేను వచ్చేసరికి మీ నానమ్మ చొక్కాని నాలుగు ముక్కలు చేసి నాలుగు పక్కలా పొరల మధ్యన పరిచేసింది. ఆవిడకి చూపు ఆనదు కదా, జేబు చూసి ఉండదు. జేబు ఏ పక్క పడిందో నాకు తెలియదు. అందుకే నేర్చుకుంటానని చేరాను. కుట్టుకుంటూ తడుముకుంటూ మూడు పక్కలు వచ్చాను. లేవు. అంటే ఈ నాలుగో పక్కే.”

“నానమ్మని అడిగితే అయిపోతది గద.”

“అడిగితే ఆ మాట మీ ఆంటీకి చేరదూ? వీళ్లిద్దరికీ పొద్దున్నే ఫోన్లో గంట పడుతుంది, నువ్వు చూడలేదేమో. అబద్ధం బయటపడితే జొన్నరొట్టె ఒక్కటే కాదు, దానితో పాటు ఇంకేం పెడుతుందో!”

“మరిప్పుడు ఫోన్‌ల ఏమన్నది?”

“రేపు పదకొండింటికి పళ్ల డాక్టరు. నాలుగు ఎలాగూ పోయాయి కదా, మిగతావి కూడా పీకించేసి పూర్తి సెట్టు పెట్టిద్దామంటోంది. ఇరవై రెండు పళ్లమ్మా! నా సొంతవి! చెరుగ్గడ పెట్టి చూడు, ఒక్కటి కదిలితే నన్నడుగు. ఇవాళ ఆ సెట్టు దొరికితే ‘ఇదిగోనే, బస్సువాళ్లు ఇచ్చారు’ అని చూపించి బతికిపోతాను. దొరక్కపోతే రేపు మధ్యాహ్నానికి నా నోరు ఖాళీ.”

“అయ్యో. మరి రవళక్క కొడుకు ఈ బొంత మీద పండుకుంటే? కరిస్తే?”

“అదొకటి! ఇరవై ఒకటో రోజుకే పిల్లవాడికి పళ్లొచ్చాయని ఊరంతా చెప్పుకుంటారు. నువ్వు ఆ చివర పట్టు, నేనీ చివర. తడుము.”

“ఆగుండ్రి అంకుల్... ఇక్కడ ఏందో గట్టిగ తగుల్తున్నది!”

“ఏదీ? ఎక్కడ? వంకరగా ఉందా?”

“గుండ్రంగున్నది.”

“గుండ్రంగానా?”

“గుండీ.”

“గుండీని పక్కన పెట్టు! జేబు గుండీయేనా? దాని కిందే ఉండాలి. బాగా చూడు, నాలుగు పళ్లు వరసగా...”

“ఏం జేస్తున్నరు ఇద్దరు? బొంత మీద బోర్ల పండుకొని?”

“సర్వే నానమ్మా!”

“సర్వే అండీ!”

“సర్వే భూములకు గదా చేస్తరు. లేవుండ్రి. చాయ్ తాగుండ్రి. సారూ, నీకు శక్కర ఎయ్యలే.”

“రాజవ్వ గారూ, ఒక మాట. ఈ పక్క ఇప్పటిదాకా వేసిన కుట్టు పనికిరాదు. చూడండి ఎంత వంకరగా ఉందో. మా ప్లాంటులో అయితే రిజెక్టు. విప్పేసి, లోపల పొరలు కూడా ఒకసారి బయటికి తీసి సర్ది...”

“ఆ పక్క ఎవలు కుట్టిన్రు?”

“నేనే.”

“వంకర కుట్టు పసిపిల్లలకు మంచిదే. తగిలే దిష్టి ఆ వంకరలల్ల తిరిగి తిరిగి యాష్టకొచ్చి పోతది. ఇగ కుట్టు. జానెడే ఉన్నది.”

“జానెడేనా!”

“నిషితా, సూదిల దారం ఎక్కిచ్చి సారుకియ్యి. నాకు కండ్లు ఆనయి.”

“ఇగోండ్రి అంకుల్. అంకుల్, చెప్పెయ్యుండ్రి.”

“ఏం చెప్పాలె? ఏందది?”

“ఏం లేదండీ. అంటే... ఉంది. మీకొకటి చెప్పాలి రాజవ్వ గారూ.”

“చెప్పు. చెయ్యి ఆపకుంట చెప్పు. నోటికీ సూదికీ ఏం సుట్టరికం లేదు.”

“నేను ఈ బొంత కుట్టడానికి రావడం వెనక కారణం...”

“సంప్రదాయం.”

“కాదు.”

“బీపీ.”

“కాదండీ.”

“కుట్టు, కుట్టు. దారం ఇగ్గి పట్టు. ఊఁ. మరేంది?”

“మా ఆవిడ మీకు నా ఖాకీ చొక్కా ఇచ్చింది కదా...”

“ఇచ్చింది. మంచి చొక్కా. ముప్పై ఏండ్లు ఉతికిన ఖాకీ, ఎన్న ముద్దలెక్క ఉన్నది. ఇంకో టాకా ఎయ్యి.”

“వేస్తున్నా. ఆ చొక్కాకి ఒక జేబు ఉంది.”

“చొక్కాకు జేబుండదా? ఎయ్యి.”

“వేశాను. ఆ జేబులో నావి... నావి ఒక నాలుగు...”

“నాలుగు?”

“...పళ్లు ఉన్నాయి.”

“జామపండ్లా?”

“కాదండీ, నా నోట్లోవి! కట్టుడు పళ్లు! నేనే దాచాను. హైమాకి అబద్ధం చెప్పాను. తుమ్మలేదు, ఎగరలేదు, ఏమీ లేదు. రేపు నా మిగతా పళ్లన్నీ పీకేస్తారు రాజవ్వ గారూ. దండం పెడతాను. ఈ మూల ముయ్యకముందే ఒక్కసారి లోపల చెయ్యి పెట్టి చూసుకోనివ్వండి!”

“అంకుల్.”

“ఉండమ్మా, నన్ను చెప్పనీ. ఒక్క నిమిషం పని...”

“అంకుల్, మీరు మూల మూసేసిన్రు.”

“ఏమిటి?”

“మాట్లాడుకుంట మూసేసిన్రు. ముడి గుడ ఏసిన్రు. సూడుండ్రి.”

“అయ్యో! అయ్యయ్యో! ఎంత పని చేశాను!”

“మంచి పని చేసినవ్. ఆఖరి మూల మాత్రం సక్కగ కుట్టినవ్ సారూ. నిజం చెప్పేటప్పుడు నీ చెయ్యి వంకర పోదు.”

“రాజవ్వ గారూ, మీకు నవ్వులాటగా ఉంది. నా ఇరవై రెండు పళ్లు...”

“ఒర్లకు. బిడ్డా, ఆ గూట్ల నా వక్కల డబ్బీ ఉన్నది, తే.”

“ఇగో నానమ్మా. ఏందిది, లోపల గలగల అంటున్నది?”

“సారుకియ్యి. మూత నువ్వే తియ్యి సారూ. ఉప్పునీళ్లతోని కడిగే పెట్టిన.”

“ఇవి... ఇవి నావే! ఇవి నా పళ్లే! మీ దగ్గర ఎప్పటి నుంచి ఉన్నాయి?”

“నువ్వు రాకముందు సంది.”

“మీకు చూపు ఆనదన్నారు!”

“సూదిల దారం ఎక్కిచ్చనీకి ఆనది. పండ్లు ఆనకపోవుడేంది, గంతగంత ఉన్నయి.”

“అయితే జేబు మీరు వెతికారన్నమాట.”

“నేనెందుకు ఎత్కుత? చొక్కా తెచ్చిన నాడే హైమావతమ్మ నా చేతుల వెట్టింది. జేబు తడమకుంట మొగని బట్ట బయటికిచ్చే ఆడిది యాడన్న ఉంటదా?”

“హైమాకి... తెలుసా? తుమ్ము సంగతి?”

“తుమ్ము సంగతి చెప్పింది. ఇద్దరం కడుపు పట్టుకొని నవ్వినం. నువ్వు చెప్పిన బస్సు ఏసీ బస్సట గద? అద్దాలు తెరుసుకోవట గద?”

“...అందుకా ఏ బస్సని అడిగింది!”

“మరి రేపు పండ్ల డాక్టరు నానమ్మా?”

“ఏ డాక్టరు లేడు, ఏం లేడు. శుక్రారం లోపల బొంత కావాలె, సారేమో దినానికి జానెడు కుడ్తున్నడు, ఏదన్న భయం పెట్టమ్మా అని పొద్దుగాల నేనే ఫోన్ చేసిన. ఇంత పెద్ద భయం పెడ్తదని నేను గుడ అనుకోలే.”

“ఇద్దరూ కలిసి నన్ను... నేనేం పాపం చేశానండీ? ఇంట్లో నా మానాన నేను కూర్చుంటే!”

“యాడ కూసుంటున్నవ్? వంటింట్ల కుర్చీ ఏసుకొని కూసుంటున్నవట. బెండకాయ ముక్కలు అన్నీ ఒక్క సైజు లేవన్నవట. ఇడ్లీకి కొలిచే పట్టీ పెట్టినవట.”

“రెండు మిల్లీమీటర్ల తేడా వరకు పాస్ చేశానండీ!”

“అందుకే. పదారు దినాలు ఆమె వంటిల్లు ఆమెకు దక్కింది. మొన్న ఫోన్‌ల అన్నది, రాజవ్వా, కూరగాయలు కోసుకుంట పాట పాడుకున్న అని.”

“సరే. నవ్వుకోండి. ఇద్దరూ బాగా నవ్వుకోండి. కానీ లెక్క సరిగ్గా చూస్తే గెలిచింది నేనే.”

“ఎట్ల గెలిచిన్రు అంకుల్?”

“పళ్లు దొరికాయి. డాక్టరు లేడు. బొంత కుట్టడం వచ్చింది. అన్నిటికీ మించి, మూడు పూటలా అన్నం తిన్నాను! ఒక్క రొట్టె ముక్క ముట్టలేదు. పైగా మొన్న చూపించుకుంటే షుగర్ దిగింది. అన్నం తింటే దిగింది! ఈ డాక్టర్లకి ఏం తెలుసమ్మా?”

“ఏం బియ్యం సారూ అవి?”

“చెప్పాను కదా... మీకు చెప్పలేదు, ఈ పిల్లకి చెప్పాను. చిన్న గింజ, కాస్త పచ్చగా. చారు పోసుకుంటే చాలా బాగుంటుంది.”

“నిషితా, లోపట గోడ మూలకు సంచి ఉన్నది. పిడికెడు తీస్కరా.”

“ఇగో. సూడుండ్రి అంకుల్.”

“ఆఁ! ఇవే! ఈ బియ్యమే! మీరూ ఇవే తింటున్నారా? ఏ కొట్టులో దొరుకుతాయి?”

“కొట్టుల కాదు, మా చేన్ల దొరుకుతయి. కొర్రలు సారూ.”

“...కొర్రలా?”

“కొర్రలే. ముప్పై నాలుగేండ్లు ఇన్‌స్పెక్షన్ చేసినవ్. కొర్రలకూ బియ్యానికీ తేడా తెల్వలే. ఆ ప్లాంటుల వాల్వులు ఎట్ల పనిచేస్తున్నయో ఏమో.”

“ఇన్ని రోజులు... మూడు పూటలా... మజ్జిగ కలుపుకుని... అమ్మా హైమా!”

“అంకుల్, కళ్లు తుడుసుకోండ్రి. ఒక్కటే అడుగుత. కారణం కాడ ఖాళీగున్నది. ఏం రాయమంటరు? సంప్రదాయమే రాయాల్నా?”

“నీ ఇష్టం తల్లీ. ఈ బొంత నేనెందుకు కుట్టానో నాకే తెలియదు.”

“నాకు ఎర్క. రాసుకో బిడ్డా. కొర్రలకు పైసలిస్తనన్నది హైమావతమ్మ. పైసలేం చేసుకోను, చేతికింద మనిషి లేడు, మనిషిని పంపుమన్న. చొక్కా ఇచ్చింది, దాని ఎంబడి నువ్వొచ్చినవ్. సంచెడు కొర్రలకు ఒక బొంత. గది మాట.”

“ఓహో. నన్ను కొర్రలకి బదులు పంపిందన్నమాట. సరే, మాట అంటే మాటే. ఇదిగో బొంత, నాలుగు మూలలూ మూసేశాను. మీ బాకీ తీరింది. ఇక వెళ్లొస్తాను.”

“యాడికి సారూ? నిన్ననే రెండో సంచి తీస్కపోయింది.”